గుల్టి, అరవ
‘తె, లు, గు’ అని కాగితపు రుమాలు మీద రాసి, దాన్ని వెనక నుంచి ‘గు, లు, తె’ అని చదివి వినిపించి, తెలుగువాళ్ళను తమిళులు పిలిచే గుల్టి అనే మాట ఇలాగే పుట్టిందనీ, ఇందులో తిట్టేమీ లేదనీ చెన్నైలో నా పక్క సీటు మిత్రుడు ఈ రోజు భోజనాల వేళ నవ్వుతూ తేల్చేశాడు.

లెక్క కుదిరినట్టే ఉంది గానీ, తమిళంలో మన భాషను ‘తెలుంగు’ అంటారు కదా, తిరగేసినప్పుడు ఆ సున్నా ఎక్కడికి పోయిందని అడిగాను. రుమాలు వంక చూశాడే తప్ప జవాబు చెప్పలేదు.

“మరి మీరు మమ్మల్ని అరవవాళ్ళు అనేది అరుస్తామనేనా?” అన్నాడు.

నేను వెంటనే అరువానాడును ఎత్తుకున్నాను. పాత తమిళ సీమల్లో ఒకటైన ఆ ప్రాంతం తెలుగు నేలకు దగ్గరగా ఉండడం వల్ల, దాని పేరే అక్కడి జనానికీ వారి భాషకూ మనవాళ్ళ నోట స్థిరపడిందని కొందరు పండితుల మాట. తమిళంలో ‘అరవం’ అంటే చప్పుడని, దానితో ముడిపెట్టేవాళ్ళూ ఉన్నారన్న సంగతి మాత్రం, నిజం చెప్పొద్దూ, నేను ఎత్తలేదు. ‘అరవం అధ్వాన్నం, తెలుగు తేట’ అన్న సామెతనూ మింగేశాను.

అతని మాటను సున్నాతో సహా నిలదీసినవాణ్ణి, నా మాటకు మాత్రం గౌరవమైన పుట్టుకనే ఏరుకున్నాను.

చిన్నప్పుడు మేం గట్టిగా మాట్లాడుకుంటే ఇంట్లో పెద్దవాళ్ళు “ఏమిట్రా ఆ అరవ గోల” అని కసిరేవారు. అప్పుడు ఎవరి మనసులోనూ అరువానాడు లేదు.