దాడి జరిగాక మొదటి మూడు రోజులు

గే, లెస్బియన్, ట్రాన్స్ వ్యక్తులపై దాడి జరిగితే సాయానికి వెళ్లేవాళ్లు కంగారులో ముందు ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసేస్తారు. కొట్టింది ఆ ఇంట్లోవాళ్లే కావచ్చు, లేదా తమ మనిషి గే అనో, లెస్బియన్ అనో, ట్రాన్స్ అనో వాళ్లకింకా తెలియకపోవచ్చు. ఎవరికి చెప్పాలో దాడికి గురైన మనిషినే అడగండి.

గాయాలకు ఆరోజే ఫొటోలు తీయండి, రెండు రోజులాగి మళ్లీ తీయండి. కమిలిన చోట్లు అప్పటికిగానీ స్పష్టంగా తేలవు. బట్టలు ఉతకొద్దు. ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమకు బూజు పట్టి ఆధారం పాడవుతుంది, కాగితపు సంచిలో పెట్టండి. లైంగిక దాడి అయితే హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలవ్వాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఫిర్యాదు రాసే తీరు. తిట్టిన మాటల్ని ఉన్నదున్నట్టు రాయించండి. మొహమాటపడి 'దుర్భాషలాడారు' అని సరిపెడితే ద్వేషంతో కొట్టారన్న సంగతే కేసులోంచి జారిపోతుంది, మామూలు వీధి గొడవగా మిగులుతుంది.