మా అత్తమ్మకు కింది డెక్ గదే ఎందుకు తీసుకున్నామంటే

ఓడ ఎక్కుతున్నామని చెప్పగానే అందరూ అడిగిన మాట ఒకటే: "బాల్కనీ ఉందా?" లేదు, కింది డెక్‌లో, అంటే ఓడ కింది అంతస్తులో, సరిగ్గా ఓడ నడిమధ్యలో, గుండ్రటి కిటికీ ఉన్న చిన్న గది అని చెబితే మొహాలు మారిపోయేవి. "అంత దూరం పోయి కిందనా?" అన్నారు. డబ్బు కొంత మిగిలిన మాట నిజమే. కానీ ఆ గదిని వెతికి వెతికి పట్టుకున్నది మా అత్తమ్మ కోసం.

మాది కడప. 2023 జూన్‌లో కార్డీలియా అనే విహార ఓడల కంపెనీ వాళ్ల ఓడ చెన్నై నుంచి శ్రీలంకకు తిరగడం మొదలయ్యాక మా వీధిలో కూడా హంబన్‌టోట, ట్రింకోమలీ అనే అక్కడి రేవుల పేర్లు వినబడసాగాయి. అత్తమ్మకు సముద్రం మీద పోవాలని ఎప్పటినుంచో ఆశ. ఆమెతో వచ్చిన చిక్కల్లా కళ్లు తిరగడం, వాంతులు. రాయచోటికి పోవాలంటే గువ్వలచెరువు ఘాట్‌లో నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంటుంది. బస్సు గువ్వలచెరువులో ఆగితే అందరూ దిగి పాలకోవా తింటారు, ఆమె మంచినీళ్లు కూడా ముట్టదు. అందుకే బస్సులో ఆమెకు ఎప్పుడూ మధ్య సీటే చూస్తాం. వెనక చక్రం మీద సీటయితే ఎగిరెగిరి పడాల్సిందే కదా. ఓడలోనూ ఇదే లెక్క, కాకపోతే అక్కడ ఎత్తు కూడా చూసుకోవాలి.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి కాగితం మీద వేసి చూశాను. ఓడ పొడవు 200 మీటర్లు, అది నడుమ భాగాన్ని ఆధారం చేసుకుని ముందుకూ వెనక్కూ ఊగుతుంది అనుకుందాం. ముక్కు ఒక్క డిగ్రీ పైకి లేచిందంటే, నడుమ నుంచి 100 మీటర్ల దూరంలో ఉన్న మంచం సుమారు 1.75 మీటర్లు లేస్తుంది. అంటే మనిషెత్తు. అదే 10 మీటర్ల దూరంలో ఉన్న మంచం 17 సెంటీమీటర్లే లేస్తుంది. పక్కలకు ఊగేటప్పుడు కూడా అంతే, ఎంత పైన ఉంటే అంత ఎక్కువ ఊపు. పెద్ద ఓడలకు నీళ్లలో ఇరువైపులా స్టెబిలైజర్లు అనే రెక్కల్లాంటివి ఉంటాయి. అవి పక్కల ఊపును బాగా తగ్గిస్తాయి గానీ, ముక్కు ఎగిసిపడడాన్ని పెద్దగా ఆపలేవు. కాబట్టి కిందగా, మధ్యగా ఉండే గది కన్నా నెమ్మదైన చోటు ఓడలో లేదు.

ఈ మాట అత్తమ్మకు చెబితే ఆమె భయం ఇంకొకటి. "నీళ్ల అడుగున పండుకోబెడతావా మే నన్ను?"

"లేదత్తా, కిటికీ నీళ్లకు పైనే ఉంటాది. అలలు కనపడతాయి చూడు," అన్నాను.

గది పేరు చెప్పి డబ్బు కట్టమన్న ఏజెంటును నేను డెక్ ప్లాన్, అంటే ఏ అంతస్తులో ఏది ఎక్కడుందో చూపే బొమ్మ, పంపమన్నాను. ఎవరైనా సరే ఆ బొమ్మ చూడకుండా గది తీసుకోవద్దు. మన గదికి పైన ఏముంది, కింద ఏముంది అన్నది అక్కడే తెలుస్తుంది. పైన థియేటరో, వంటగదో ఉంటే అర్ధరాత్రి దాకా చప్పుడే. పైనా కిందా కూడా గదులే ఉన్నచోటు మంచిది. మరీ ముందుకు పోతే రేవులో ఓడను పక్కకు జరిపే థ్రస్టర్ల మోత తెల్లవారకముందే లేపుతుంది, లంగరు గొలుసు చప్పుడు దానికి తోడు. మరీ వెనక్కి పోతే ప్రొపెల్లర్ అదురు. 'గ్యారంటీ' అని తక్కువ రేటుకు ఇస్తారు. అందులో గది వాళ్లకిష్టమైన చోట ఇస్తారు, మనం ఎంచుకోలేం. కళ్లు తిరిగే మనిషి వెంట ఉంటే దాని జోలికి పోకండి.

గదిలో తలుపు వెనక కొక్కేనికి అత్తమ్మ తువ్వాలు తగిలించాను. రాత్రి సముద్రం కాస్త లేచినప్పుడు దాని అంచు తలుపుకు బెత్తెడు దూరం జరిగి, మళ్లీ వచ్చి ఆనుకునేది. అంతే. పై డెక్‌లో భోజనానికి పోతే అదే సమయంలో గ్లాసులో నీళ్లు అంచు దాకా వస్తున్నాయి. అత్తమ్మ రెండు ముద్దలు తిని "కిందికి పోదాం పా" అంది. పడుకున్నాక కాసేపటికే తేరుకుంది. పొద్దున లేచి గుండ్రటి అద్దానికి మొహం ఆనించి, బయట ఎండిపోయిన ఉప్పు చారల సందులోంచి నీళ్లు చూస్తూ కాఫీ అడిగింది. నాకు ఎంత సంతోషమైందో!

ఇబ్బందులు లేవని కాదు. ఇంజను గుర్రుమనే చప్పుడు సన్నగా వినబడుతూనే ఉంటుంది. భోజనానికి పోవాలంటే లిఫ్ట్ కోసం నిలబడాలి. సముద్రం బాగా లేస్తే కింది కిటికీలకు ఉక్కుమూతలు వేసే ఓడలూ ఉన్నాయి. కానీ రేవులో దిగే తలుపు చాలా ఓడల్లో కింది అంతస్తుల్లోనే ఉంటుంది, ముసలివాళ్లకు అది పెద్ద సుఖం. గది ఎంత మంచిదైనా డాక్టరును అడిగి వాంతుల మాత్ర వెంట పెట్టుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. నెల కూడా చూసుకోండి. బంగాళాఖాతం జూన్ నుంచి డిసెంబరు దాకా రుతుపవనాలతో, తుపాన్లతో గడబిడగా ఉంటుంది. జనవరి నుంచి మార్చి వరకు నయం.

ఇప్పుడు మా వదిన వాళ్లు ఫిబ్రవరికి అనుకుంటున్నారు. ఆమెకు వాంతులు లేవు, మోకాళ్ల నొప్పి ఉంది. ప్రమాదం వచ్చినప్పుడు లిఫ్ట్ వాడనివ్వరు, లైఫ్‌బోట్ల దాకా మెట్లెక్కి పోవాలి. అందుకే ఆమెను మాత్రం కింది డెక్ వద్దన్నాను. ఓడ మధ్యలోనే, లైఫ్‌బోట్లున్న అంతస్తుకు దగ్గరగా, మెట్ల పక్కన గది చూడమని చెప్పాను. బుక్ చేసేటప్పుడే మోకాళ్ల సంగతి రాయించమన్నాను.