పెద్ద కొమ్మను దించేటప్పుడు తాడు మోసే బరువు

విశాఖపట్నంలో ఒక విద్యాసంస్థ ఆవరణలోని చెట్ల సంరక్షణ చూడటం నా ఉద్యోగం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు కూలిపోయిన చెట్ల గురించి ఊరంతా మాట్లాడుకుంది. కానీ సగం విరిగి, పైకప్పుల మీదికి వాలి, ఏ క్షణాన ఊడిపడతాయో తెలియకుండా వేలాడిన కొమ్మలను దించడమే మాకు అన్నిటికన్నా కష్టమైంది. ఈ పనికి కావలసిన సామగ్రి గురించి నేను శ్రద్ధగా తెలుసుకోవడం అప్పుడే మొదలైంది.

మన దగ్గర సాధారణంగా కొమ్మకు తాడు కట్టి, దాన్ని పైనున్న పంగలోంచి వేసి, కింద నలుగురైదుగురు పట్టుకుని నిలబడతారు. కోత పూర్తయిన క్షణంలో బరువంతా ఒక్కసారిగా వాళ్ల చేతుల మీదికి వస్తుంది. గట్టిగా పట్టుకుంటే అరచేతుల చర్మం లేచిపోతుంది, వదిలేస్తే కొమ్మ ఎక్కడ పడాలో అదే నిర్ణయించుకుంటుంది. ఇందులో పట్టుకున్నవాళ్ల తప్పేమీ లేదు. మనిషి చేతికి అప్పగించకూడని పనిని చేతికి అప్పగించడమే అసలు లోపం.

ముందుగా కొమ్మ బరువు తెలియాలి. 30 సెంటీమీటర్ల అడ్డుకొలత, 3 మీటర్ల పొడవు ఉన్న ముక్కలో సుమారు 0.21 ఘనపు మీటరు కర్ర ఉంటుంది. పచ్చి కర్ర ఘనపు మీటరుకు దాదాపు టన్ను తూగుతుందనుకుంటే, ఆ ఒక్క ముక్కే 200 కిలోలు దాటుతుంది. రెమ్మలు, ఆకుల బరువు దీనికి అదనం. మా ఆవరణలో నిద్రగన్నేరు చెట్లు ఎక్కువ. వాటి కొమ్మలు అడ్డంగా చాలా దూరం పాకుతాయి కాబట్టి, కింద నిలబడి చూసి వేసుకున్న అంచనా తరచుగా తక్కువే అవుతుంది.

ఆ 200 కిలోలను ఆపే మార్గం ఘర్షణ. మాను అడుగున బలమైన పట్టీతో కట్టే ఒక ఉక్కు గొట్టం ఉంటుంది. పోర్టా ర్యాప్ అనే పేరుతో దొరుకుతుంది. పై నుంచి వచ్చిన తాడును దాని చుట్టూ తిప్పి, కొసను ఒక మనిషి పట్టుకుంటాడు. ఘర్షణ గుణకం (తాడుకూ గొట్టానికీ మధ్య ఒరిపిడి ఎంతో చెప్పే సంఖ్య) 0.2 అనుకుని లెక్క వేస్తే, ఒక చుట్టుతో 200 కిలోలను నిలపడానికి చేతికి దాదాపు 57 కిలోల బలం కావాలి. రెండు చుట్లకు అది 16 కిలోలకు తగ్గుతుంది, మూడు చుట్లకు 5 కిలోలైనా అక్కరలేదు. చుట్టు పెరిగే కొద్దీ పట్టు కూడికగా కాక గుణకారంగా పెరుగుతుంది. ఎన్నో ఏళ్లు మనుషులను పెట్టి తాళ్లు లాగించిన మా మేస్త్రి మొదటిసారి దీన్ని వాడినప్పుడు, తొడుగు వేసుకున్న ఒక్క చేత్తో తాడును జానెడు జానెడుగా వదులుతూ, కొమ్మ నేలను తాకిన తరువాత గొట్టం మీద చెయ్యి పెట్టి ఎంత వేడెక్కిందో చూశాడు. అరచేతుల్లోకి వెళ్లవలసిన వేడి అది.

పైన పంగకు బదులు గిలక కట్టడం మంచిది. పంగలో తాడు ఒరుసుకుని బెరడు చీరుకుపోతుంది, తాడూ పాడవుతుంది; పైగా అక్కడ ఎంత ఘర్షణ వస్తుందో ముందుగా చెప్పలేము. గిలకలో తాడు సాఫీగా నడుస్తుంది. అయితే నూతి గిలకకు ఉన్న ధర్మమే దీనికీ ఉంది: ఒక వైపు బరువు, మరో వైపు దాన్ని ఆపే బలం, రెండూ కలిసి గిలకను కట్టిన చోటే పడతాయి. 200 కిలోల కొమ్మ కదలకుండా వేలాడినా ఆ చోటు 400 కిలోల దాకా మోయాలి. తాడు మాను వెంబడే నిలువుగా దిగితే ఆ బలం మానును కిందికి అదుముతుంది, దాన్ని చెట్టు సులభంగా ఓర్చుకుంటుంది. మనుషులు దూరంగా నిలబడి లాగితే మాత్రం అది పక్కకు లాగుతుంది, తుపానుకు బీటలు వారిన చెట్టుకు అది ప్రమాదం.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం కుదుపు. కొమ్మ ఒక మీటరు స్వేచ్ఛగా పడి, ఆ తరువాత పావు మీటరులోనే ఆగిందనుకుందాం. సగటున దాని బరువుకు ఐదు రెట్లు, అంటే టన్ను బలం తాడు మీద పడుతుంది, గిలక దగ్గర రెండు టన్నులు. అదే కొమ్మను మరో రెండు మీటర్లు జారనిచ్చి నెమ్మదిగా ఆపితే తాడు మీద సగటున 300 కిలోలే పడతాయి. అందుకే చుట్లు ఎక్కువైతే భద్రత పెరుగుతుందనుకోవడం పొరపాటు. కదలకుండా బిగుసుకున్న తాడే అన్నిటినీ తెంపుతుంది. కింద తాడు వదిలే మనిషిని నేను చెట్టెక్కే మనిషంత జాగ్రత్తగా ఎంచుకుంటాను.

తాడు విషయంలో రాజీ పడకూడదు. నైలాన్ పేరుతో దుకాణాల్లో అమ్మే రంగు తాళ్లలో అనేకం పాలీప్రొపిలీన్‌వి. అది సుమారు 165 డిగ్రీలకే కరుగుతుంది, ఎండకు పెళుసెక్కుతుంది, కాబట్టి గొట్టం మీద రాపిడికి పనికిరాదు. అల్లిక పాలిస్టర్ తాడు 250 డిగ్రీలు దాటేదాకా కరగదు, సాగుడూ తక్కువ. తాడు తెగే బలం 4,000 కిలోలని రాసి ఉంటే నేను 400 కిలోలకు మించి పెట్టనివ్వను, ఎందుకంటే ఒక్క ముడి వేస్తేనే దాని బలంలో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోవచ్చు. కొమ్మకు కట్టేటప్పుడు గిలక వైపు ఒక మెలిక, దానికి అవతల జారుముడి వేయిస్తాను. పట్టు రెండు చోట్ల పడి ముక్క జారిపోదు. చెట్టెక్కిన మనిషి నడుముకు కట్టుకునే తాడు పూర్తిగా వేరుగా ఉండాలి, దాని మీద ఒక్క రెమ్మను కూడా దించకూడదు.

కరెంటు తీగల దగ్గరైతే విద్యుత్ సిబ్బంది ఎల్‌సీ (లైన్ క్లియర్ అనే అనుమతి) తీసుకుని సరఫరా ఆపే దాకా ఎవరినీ చెట్టెక్కనివ్వము.

పని ముగిశాక తాడును మొత్తం చేతుల్లోంచి పోనిచ్చి తడిమి చూడటం మా దగ్గర నియమం. గట్టిపడి గాజులా మెరిసే చోటు తగిలితే అక్కడ పోగులు కరిగాయని అర్థం. అలాంటి తాడును గదిలో మూలన పెడితే మరుసటి వానాకాలంలో ఎవరో ఒకరు మళ్లీ తీస్తారు కాబట్టి, ఆ రోజే మూరెడు ముక్కలుగా కోయిస్తున్నాను.