మళ్లీ మిల్లుకే

2008లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ చేరిన వారానికి బాపుకి ఫోన్ చేశాను. మా ఆఫీసు ఒక పాత ఉన్ని మిల్లులో ఉందని చెప్పగానే అవతల కాసేపు మాట లేదు. "మిల్లుల చెయ్యొద్దనే గదరా మీ తాత నన్ను సదివిచ్చింది. అంత దూరం పోయి నువ్వు మల్ల మిల్లుకే పోయినవా?" అన్నాడు.

తాత వరంగల్ ఆజంజాహి మిల్లులో నూలు వడికే దగ్గర చేశాడు. 1934లో నిజాం పెట్టించిన మిల్లు అది, 2002లో మూతపడింది. ఆ నేలలో చాలామటుకు ఇప్పుడు ప్లాట్లే.

నా మిల్లు మాత్రం నిలబడే ఉంది. రైలు షిప్లీ దాటగానే కిటికీ నిండా లేత గోధుమరంగు రాతిగోడ వచ్చేస్తుంది. 545 అడుగుల పొడవు, ఆరు అంతస్తులు. ఎదురుగా సాల్టేర్ స్టేషన్, వెనక కాలువ, ఆ వెనక ఎయిర్ నది. టైటస్ సాల్ట్ అనే ఉన్ని వ్యాపారి కట్టించాడు. ఎవరికీ పట్టని అల్పాకా (దక్షిణ అమెరికా జంతువు) ఉన్నితో మెరిసే బట్ట నేయించి డబ్బు చేసుకున్న మనిషి. బ్రాడ్‌ఫర్డ్ పొగ, కలరా చూసి, ఊరి బయట కొత్త మిల్లు పెట్టి, తన యాభయ్యో పుట్టినరోజున, 1853 సెప్టెంబర్ 20న తెరిచాడు. 1,200 మగ్గాలు, రోజుకి 30 వేల గజాల బట్ట నేసేలా. యంత్రాలు తిప్పే ఇరుసుల్ని నేల కిందనుంచి వేయించాడు, పైన చప్పుడూ దుమ్మూ తగ్గుతాయని. పక్కనే కూలీలకి ఇళ్లు కట్టించాడు, ఆ ఊరే సాల్టేర్. వీధులకి పిల్లల పేర్లు పెట్టాడు. సారా దుకాణం మాత్రం పెట్టనివ్వలేదు. తర్వాత అదే ఊళ్లో ఒక బారు వెలిసింది, దాని పేరు 'టైటస్‌కి చెప్పొద్దు'!

ఇరుసులు నేల కింద పెట్టినా మగ్గాల హోరు ఊరుకుంటుందా? అప్పటి మిల్లుల్లో పక్కవాళ్ల పెదవులు చూసి మాట పట్టుకునేవాళ్లట. మా పని సెట్‌టాప్ బాక్సుల టెస్టింగ్. బల్లల మీద వరసగా టీవీలు, ఒక్కొక్కరి ముందు నాలుగైదు రిమోట్లు. రోజంతా చానెల్ మార్చడం, బాక్సు ఎక్కడ హ్యాంగ్ అయిందో రాసుకోవడం. చెవులకి హెడ్‌ఫోన్లు, కాబట్టి పక్క సీటువాడికి కూడా చాట్‌లోనే మెసేజ్. రిలీజ్ దగ్గర పడితే టెన్షన్, రాత్రి కూడా ఉండేవాళ్లం.

అలాంటి ఒక రాత్రి ఎక్కిన టాక్సీ పెద్దాయనది పాకిస్తాన్ వైపు కశ్మీర్‌లోని మీర్పూర్. మంగళా డ్యామ్ కింద ఊరు మునిగితే అరవైల్లో బ్రాడ్‌ఫర్డ్ వచ్చి, మిల్లుల్లో ఉన్ని దువ్వే పనిలో కుదిరాడు. ఎక్కణ్నుంచి ఎక్కానో చూసి, "బేటా, నైట్ షిఫ్టా?" అన్నాడు. అప్పట్లో పగటి షిఫ్టు తెల్లవాళ్లది, రాత్రంతా తమవాళ్లేనట. కంప్యూటర్ పని అని చెప్పాను. "నైట్ షిఫ్టేగా" అన్నాడు మళ్లీ. ఏం చెప్తాం!

ఈ మిల్లులో నేత 1986 ఫిబ్రవరిలో ఆగింది. మరుసటేడు జోనథన్ సిల్వర్ అనే బ్రాడ్‌ఫర్డ్ బట్టల వ్యాపారి కొన్నాడు. బట్ట నేసిన చోట తన స్నేహితుడు, చిత్రకారుడు డేవిడ్ హాక్నీ బొమ్మలు వేలాడదీసి, మిగతా అంతస్తులు కంపెనీలకి అద్దెకిచ్చాడు. 1997లో, యాభై నిండకుండానే పోయాడు. 2001లో యునెస్కో ఊరంతటినీ వారసత్వ జాబితాలో చేర్చింది. సాల్ట్ పేరు వీధివీధినా ఉంది గానీ, నా లెక్కలో మిల్లుని బతికించింది ఈ రెండోవాడే.

భోజనం టైములో కిందికి దిగి గ్యాలరీలో తిరిగేవాణ్ని. పెద్ద పెద్ద జాడీల్లో లిల్లీ పూలు, గది నిండా వాటి వాసన. తాత చొక్కా దగ్గర నూనె వాసన తప్ప ఇంకేదీ వచ్చేది కాదు.

కాంట్రాక్టు అయిపోయాక, వచ్చేముందు అక్కడి పుస్తకాల షాపులో మిల్లు బొమ్మ ఉన్న పోస్టుకార్డు కొని బాపుకి తెచ్చాను. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగనే ఉన్నది గని, పొగగొట్టంల పొగ లేదేందిరా? ఇయ్యాల సెలవా?"