15(2) దగ్గర బోర్లా పడ్డ నా మొదటి మెయిన్స్

గ్రూప్-1లో సెలెక్టయ్యానని రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది, ఫోన్ ఇంకా ఆగట్లేదు. ఏ బుక్స్ అన్నా, రోజుకి ఎన్ని గంటలన్నా, అందరూ అడిగేది అదే. బుక్స్ మీరు చదివేవే. అందుకే పోయినసారి ఎలా పోగొట్టుకున్నానో చెప్తా.

గ్రూప్-1 మెయిన్స్‌లో బహిరంగ ప్రదేశాల్లో వివక్ష గురించి రాయాల్సి వచ్చింది. రాజ్యాంగంలో వివక్ష కూడదనే ఆర్టికల్ 15 నాకు కంఠతా వచ్చు కాబట్టి సంబరపడిపోయి, ప్రాథమిక హక్కులు ప్రభుత్వం మీదే కదా, ప్రైవేటు హోటల్‌కి ఇది వర్తించదు, ప్రభుత్వ డబ్బుతో నడిచేవాటికే అని పేజీలు దంచేశాను. రూముకొచ్చి గొప్పగా చెప్తే మా రూమ్మేట్ మాట్లాడకుండా పుస్తకం తెరిచి ముందు పెట్టాడు.

15(1)లో నిషేధం రాజ్యం మీద, అంటే ప్రభుత్వం మీద. 15(2)కి వచ్చేసరికి కులం, మతం లాంటి కారణాలతో ఏ పౌరుణ్ణీ అడ్డుకోకూడదని ఉంటుంది, అడ్డుకునేది ప్రభుత్వమా పక్కింటాయనా అన్న తేడా లేదు. (ఎ)లో షాపులు, హోటళ్లు, వినోద స్థలాలు. (బి)లో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. ప్రభుత్వ నిధులో, ప్రజల వాడకానికి వదిలిందో అయ్యుండాలన్న షరతు (బి)కి మాత్రమే. నేను దాన్ని ఎత్తుకెళ్లి (ఎ)కి తగిలించాను. ఆ రాత్రి అన్నం తినలేదు.

సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. మా ఊరి టీ హోటల్లో మా నాన్న గ్లాసు బయట గోడ మీద ఉండేది. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టేవాడు. ఆ ఇంటి కొడుకుని నేను, హోటలాయన ఇష్టమని పరీక్షలో రాసొచ్చాను! అస్పృశ్యత పాటిస్తూ హోటల్లో అలా చేస్తే 1955 అస్పృశ్యత నేరాల చట్టం సెక్షన్ 4 కింద నెల నుంచి ఆరు నెలల జైలు (1976లో దాని పేరే పౌర హక్కుల పరిరక్షణ చట్టంగా మార్చారు, బిట్టు ప్రశ్న, రాసిపెట్టుకోండి). నెలనెలా 30న ఊళ్లో పౌర హక్కుల దినం పెడతారు, తహసీల్దారు, ఎస్సై వస్తారు, నేను ఒక్కసారీ వెళ్లలేదు.

ఆ తర్వాత పాలిటీ చదివే తీరు మారింది. (బి) అంటే నాకు 1985 కారంచేడు దళితుల ఊచకోత, అక్కడ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. (ఎ) అంటే సుప్రీంకోర్టులో 2011 ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసు, మన జస్టిస్ సుదర్శన్ రెడ్డి తీర్పు. షాపు అనే మాటని విశాలంగా తీసుకుని ప్రైవేటు కాలేజీలనీ అందులోకి తెచ్చారు, రాజ్యాంగ సభలో అంబేద్కర్ షాపుకి చెప్పిన అర్థం చూపించి మరీ. వివక్ష మీదే వికలాంగులకి 2016, ట్రాన్స్‌జెండర్లకి 2019 చట్టాలు ఉన్నాయి, అవి మీరే చూసుకోండి.

మిగతాదంతా మామూలే, పొద్దున నాలుగింటికి లేవడం, ఫోన్ బీరువాలో పెట్టడం. క్రమశిక్షణ లేకపోతే ఎంత తెలివున్నా దండగ. చెల్లి పెళ్లికి ఒక్కరోజే వెళ్లానని ఇప్పటికీ అంటారు, అననీండి, ఇంకో రోజుంటే రివిజన్ ఎవరు చేస్తారు?

మొన్న ఊరెళ్లి నాన్నని ఆ హోటల్‌కే తీసుకెళ్లా. స్వీట్లు ఇస్తే ఓనరు లేచి నిలబడి తీసుకున్నాడు. టీ పేపర్ కప్పుల్లో ఇచ్చాడు, ఇప్పుడు అందరికీ అవే. నాన్న తాగేసి, అలవాటుగా కప్పు పట్టుకుని కుళాయి దగ్గరికి నడిచాడు.