నాలుగు సువార్తలు పక్కపక్కన: మార్కు పూర్తయ్యాక

యేసు జీవితాన్ని చెప్పే నాలుగు సువార్తల్లో (మత్తయి, మార్కు, లూకా, యోహాను) మార్కు 16 అధ్యాయాలూ పూర్తయ్యాయి. మార్కులో ఉన్న ప్రతి ఘట్టాన్నీ, మిగతా మూడు సువార్తల్లో దానికి జోడీ ఉంటే దాన్నీ, ఏ3 కాగితాల మీద పక్కపక్కన అతికించడం అయింది. పద్ధతి చాలా పాతది. నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్పు యూసేబియస్ సువార్తలను చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి, వాటికి నంబర్లిచ్చి, ఏ సంగతి ఎవరెవరిలో ఉందో చూపడానికి 10 పట్టికలు వేశాడు. మొదటి పట్టికలో నలుగురూ చెప్పినవి, చివరిదాంట్లో ఒక్కరే చెప్పినవి. నా దగ్గర అదనంగా ఉన్నవి కత్తెర, గమ్, జిరాక్స్ షాపు.

ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే పనికొచ్చే సంగతులు కొన్ని. బైబిలు కాగితం పలచన కాబట్టి జిరాక్స్ తీస్తే వెనక పేజీ అక్షరాలు కూడా నీడలా పడతాయి. ఆ పేజీ వెనక నల్ల చార్టు ముక్క పెట్టి తీయమంటే శుభ్రంగా వస్తుంది. నాలుగు సువార్తలకూ ఒకే అనువాదం, ఒకే ముద్రణ వాడాలి. అక్షరాల సైజు మారితే ముక్కల పొడవు పోల్చలేం. హైలైటర్ కన్నా రంగు పెన్సిల్ మేలు, కాగితం అవతలికి దిగదు. మార్కు, మత్తయి, లూకా ముగ్గురిలో ఉన్నదానికి ఎరుపు, మార్కు–మత్తయికి నారింజ, మార్కు–లూకాకు ఊదా, మత్తయి–లూకాకు మాత్రమే నీలం, ఒక్కరిదే అయితే ఆకుపచ్చ. అధ్యాయానికో కాగితం కాకుండా ఘట్టానికో కాగితం పెట్టుకోవాలి. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంది, వచనాల నంబర్లు 1551లో ఫ్రెంచి ముద్రాపకుడు రోబేర్ ఎతియెన్ వేసినవి. రాసినవాళ్లకు ఆ గీతలు తెలియవు.

మార్కుతో మొదలుపెట్టడానికి కారణం, అది అన్నిటికన్నా చిన్నది. పైగా అందులో పదింట తొమ్మిది వంతులకు పైగా ఏదో ఒక రూపంలో మత్తయిలో కనిపిస్తుంది. అందుకే ఎక్కువమంది పండితులు మార్కే ముందు రాశాడని, మత్తయి, లూకా దాన్ని చూసి రాశారని అంటారు. మార్కులో లేకుండా మత్తయి, లూకా ఇద్దరిలోనే ఉన్న వచనాలు మరో 200కు పైగా ఉన్నాయి, ఎక్కువగా ఉపదేశాలే. వాటికి మూలంగా పోయిన ప్రతి ఒకటుందని ఊహించి దానికి ‘క్యూ’ అని పేరు పెట్టారు. అక్కర్లేదు, లూకా మత్తయినే చూసి రాశాడనే పక్షమూ ఉంది. నేను ఇంకా ఏ పక్షానా చేరలేదు. నీలం రంగు కాగితాలు చాలినన్ని పోగయ్యాక చూద్దాం.

అతికించి చూడటంలో ఉన్న లాభం ముక్కల పొడవు. మార్కు సువార్త మొత్తంగా చిన్నదే కానీ, ఒక్కో ఘట్టం చెప్పడంలో అందరికన్నా వివరంగా చెప్పేది చాలాసార్లు అతనే. యాయీరు కూతురి కథ మార్కులో 23 వచనాలు, మత్తయిలో 9. మార్కులో తండ్రి వచ్చేటప్పటికి అమ్మాయి చావు బతుకుల్లో ఉంటుంది, చనిపోయిందన్న కబురు దారిలో వస్తుంది. మత్తయి ఆ కబురు తెచ్చేవాళ్లనే తీసేశాడు, తండ్రి చేతే మొదట్లో ‘చనిపోయింది’ అనిపించాడు. మధ్యలో వచ్చే రక్తస్రావ రోగి, వైద్యుల చేత ఎన్నో బాధలు పడి, ఉన్నదంతా ఖర్చుపెట్టి ఇంకా క్షీణించిందని మార్కు రాశాడు. లూకా ఆమెకు ఎవరూ నయం చేయలేకపోయారని మెత్తగా సరిపెట్టాడు. లూకా వైద్యుడని సంప్రదాయం, నవ్వొచ్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చిన కాగితం పక్షవాయువు రోగిది. మార్కు రెండో అధ్యాయంలో నలుగురు మోసుకొచ్చి, జనం అడ్డుగా ఉంటే ఇంటి కప్పు విప్పి, సందు చేసి, పరుపుతోనే దింపుతారు. ఈ ఘట్టం జరిగిన కపెర్నహూములో తవ్వకాల్లో బయటపడిన ఇళ్లు నల్లరాతి గోడలవి. ఆ ప్రాంతపు కప్పులు దూలాల మీద రెల్లు పరిచి మట్టి మెత్తినవి, కాబట్టి తవ్వి సందు చేయడం కుదిరే పనే. లూకా దగ్గరికొస్తే ‘పెంకులు విప్పి’ అని ఉంటుంది. పెంకుటిల్లు గ్రీకు, రోమను పట్టణాల్లోని పాఠకుడికి తెలిసిన ఇల్లు. మత్తయి తొమ్మిదో అధ్యాయంలో కప్పూ లేదు, అడ్డుగా జనమూ లేరు, మంచం మీద రోగిని తెచ్చారు, అంతే. కప్పు లేకపోయినా ‘వారి విశ్వాసము చూచి’ అన్న మాట మాత్రం అక్కడా ఉంది. మార్కు ముక్కతో పక్కపక్కన పెడితే తప్ప యేసు ఏం చూశాడో తెలియదు.

ఇలాంటిదే ఇంకొకటి, హేరోదు. మార్కు అతన్ని మొదటినుంచీ రాజు అనే పిలుస్తాడు. మత్తయి 14:1లో సరిదిద్ది ‘చతుర్థాధిపతి’ అని మొదలుపెడతాడు, రాజు కన్నా తక్కువైన అతని అసలు హోదా అదే. తొమ్మిదో వచనానికి వచ్చేసరికి మత్తయిలో కూడా ‘రాజు’ వచ్చేస్తుంది. మార్కే ముందన్నవాళ్లు చూపే సాక్ష్యాల్లో నాకు బాగా నచ్చింది ఇది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఐదు రొట్టెల ఘట్టం తీసుకోండి. పునరుత్థానాన్ని పక్కన పెడితే నలుగురూ చెప్పిన అద్భుతం అదొక్కటే, కాబట్టి నాలుగు గడులూ నిండుతాయి. పచ్చిక పచ్చగా ఉందని మార్కు, ఊరు బేత్సయిదా అని లూకా, స్త్రీలూ పిల్లలూ కాక ఐదు వేలని మత్తయి, రొట్టెలు యవలవని, తెచ్చింది ఒక చిన్నవాడని యోహాను చెబుతారు. మార్కు మొత్తం మీద చూస్తే యోహాను గడి ఎక్కువగా ఖాళీయే. దాన్ని సన్నగా గీసుకుంటే చోటు కలిసొస్తుంది.

శ్రమల (యేసు బాధలు, సిలువ మరణం) కాగితాలకే ఎక్కువ సమయం పట్టింది. మన సంఘాల్లో గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఒకరి తర్వాత ఒకరు ప్రసంగిస్తారు కదా. ఆ ఏడూ ఒక్క సువార్తలోనూ లేవు. మూడు లూకావి, మూడు యోహానువి, మిగిలిన ఒక్కటి మార్కు, మత్తయిలది. అందులోనూ ‘వీరిని క్షమించుము’ అన్న లూకా మాట కొన్ని ప్రాచీన ప్రతుల్లో లేదు. విడివిడిగా చదివితే మార్కులో యేసు ‘ఎలోయీ, ఎలోయీ’ (నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు) అని ఒకే ఒక్కసారి మాట్లాడి, గట్టిగా కేక వేసి ప్రాణం విడుస్తాడు. పక్క సిలువల మీది ఇద్దరూ ఆయన్ను నిందించేవాళ్లే. స్త్రీలు దూరం నుంచి చూస్తుంటారు. లూకాలో ఆ ఇద్దరిలో ఒకడు మారతాడు, యేసు తన ఆత్మను తండ్రి చేతికి అప్పగిస్తాడు. యోహానులో తల్లి సిలువ దగ్గరే ఉంటుంది, చీకటి ప్రస్తావన లేదు, చివరి మాట ‘సమాప్తమైనది’. ఏడు మాటలూ కలిపి వింటూ పెరిగిన చెవికి మార్కు ఒంటరితనం సగం కూడా వినపడదు. ఆ ఆరాధన మానేయాలని అనను. ముందు రోజు మార్కు 15 ఒక్కటే, పైకి చదువుకోండి అంటాను.

సిలువ మీద పెట్టిన రాత నలుగురిలోనూ నాలుగు రకాలుగా ఉంది. మార్కులో ‘యూదుల రాజు’ అని మాత్రమే, యోహానులో ‘యూదులరాజైన నజరేయుడగు యేసు’. దీనికి వేరే కాగితం అక్కర్లేదు, ఒక మూల పట్టింది.

మార్కు 16:9–20 ముక్కను అతికించకుండా క్లిప్పు పెట్టి ఉంచాను. నాలుగో శతాబ్దపు సినాయి, వాటికన్ అనే గ్రీకు చేతిరాత ప్రతులు రెండూ ఎనిమిదో వచనంతోనే ఆగిపోతాయి, స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు అన్నచోట. బైబిల్లో లేని తోమా సువార్తకు ఐదో గడి గీయలేదు. 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర దొరికిన ఆ ప్రతిలో 114 మాటలున్నాయి కానీ కథ లేదు. విత్తువాని ఉపమానం లాంటివి వచ్చినప్పుడు చీటీ రాసి పక్కన పెడుతున్నా. తోమాలో ఆ ఉపమానానికి వివరణ లేదు, మార్కు, మత్తయి, లూకా ముగ్గురిలోనూ ఉంది.

ఇక జనన కథలు. మార్కులో అసలు లేవు, కాబట్టి ఎరుపు పెన్సిల్‌కు పని లేదు. మన క్రిస్మస్ నాటకంలో ఒకే స్టేజీ ఎక్కే జ్ఞానులు మత్తయివాళ్లు, గొర్రెల కాపరులు లూకావాళ్లు, ఏ పుస్తకంలోనూ కలుసుకోరు. వంశావళి దగ్గరే చిక్కు. మత్తయి అబ్రాహాము నుంచి కిందికి వస్తాడు, లూకా యేసు నుంచి ఆదాము దాకా పైకి పోతాడు. లూకా పట్టీని పేరుపేరుగా కత్తిరించి తిరగేసి అతికించాలి. దావీదు తర్వాత ఒకరిది సొలొమోను దారి, ఇంకొకరిది నాతాను దారి. లూకావే 70కి పైగా పేర్లు కాబట్టి ఒక ఏ3 చాలదు, రెండు నిలువుగా కలపాలి.