బల్ల ఎత్తు సరిపోతే

చెన్నై పెరంబూరులో మాది చిన్న టైలరింగ్ కొట్టు. రెండేళ్ల కిందట, దీపావళి జాకెట్లు గుట్టలుగా పడి ఉన్న రోజులు. విరేచనాలు తగ్గి వారమైందో లేదో అరికాళ్లలో చీమలు పాకినట్టు తిమ్మిరి మొదలైంది. దగ్గర్లోని క్లినిక్‌లో నీరసమని బి-కాంప్లెక్స్ సూది వేసి పంపారు. మూడోనాడు బాత్రూంలో కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. గడియ తీయడానికి చెయ్యి కూడా లేవలేదు. మావారు తలుపు పగలగొట్టారు. ఆ తలుపు ఇప్పటికీ సరిగ్గా పడదు.

పెద్దాసుపత్రిలో మోకాలి మీద చిన్న సుత్తితో కొడితే కాలు ఉలకలేదు. వెన్నులోంచి నీరు తీశారు, నరాల పరీక్ష చేశారు. గిలియన్ బారే సిండ్రోమ్ అన్నారు. రోగంతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ పొరబాటున సొంత నరాల మీదే పడుతుందట. దాన్ని అణచడానికి ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు నరంలోకి ఎక్కించారు. నా గాజులు దానికే పోయాయి. ఊపిరి దాకా పాకలేదు, అదే పదివేలు.

తర్వాత రిహాబ్ వార్డు, చచ్చుబడిన కాళ్లూ చేతులకు మళ్లీ పని నేర్పే చోటు. పలకంత చెక్కకి బిగించిన గుడ్డ మీద గుండీలు పెట్టమనేవారు. ఎన్ని వేల హుక్కులు కుట్టిన వేళ్లో! ఒక్క గుండీకి పావుగంట పట్టేది. నెల్లూరు నుంచి వచ్చిన చుట్టాలేమో నా కాళ్ల వైపే చూసేవారు. నేనూ రోజూ అదే అడిగేదాన్ని, ఎప్పుడు నడుస్తానని.

"నడిచి ఎక్కడికెళ్లాలమ్మా?" అంది ఒకరోజు డాక్టరమ్మ, తమిళ యాస తెలుగులో.

"మెషిన్ దగ్గరికి."

"అయితే ముందు మెషిన్ సంగతి చూద్దాం."

ఆవిడ చదువు వెల్లూరు సి.ఎం.సి.లో, అంటే క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో. అక్కడి డాక్టర్ మేరీ వర్గీస్ గురించి అప్పుడే చెప్పింది. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయింది ఆమెకు. అప్పటికింకా ముప్ఫై నిండలేదు. చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల వంకర పోయిన చేతులకు ఆపరేషన్లు చేసింది. న్యూయార్క్ వెళ్లి రిహాబ్ వైద్యం నేర్చుకొచ్చి, నాలాంటి వాళ్ల కోసం ఆ విభాగాన్ని నిలబెట్టింది. 1966లో వెల్లూరులో రిహాబ్ సంస్థ తెరిచారు. 1972లో పద్మశ్రీ ఇచ్చారు.

నిజం చెప్పాలంటే నాకు చిరాకేసింది. ఆవిడ డాక్టరు, నేను దర్జీని, పోలికేంటి? కానీ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే ఒకటి తట్టింది. ఆవిడ పట్టుకున్నది చేతుల ఆపరేషన్లు, కూర్చుని చేయగలిగేవి. బల్ల ఎత్తు సరిపోతే చాలు. నా పనీ కూర్చుని చేసేదేగా!

ఇంటికొచ్చాక మావారు మెషిన్ బల్ల కాళ్ల కింద చెక్కలు పెట్టారు, నా చక్రాల కుర్చీ లోపలికి దూరేలా. మెషిన్‌కి మోటారు బిగించి, పెడల్ తెచ్చి బల్ల మీద పెట్టాం. మోచేత్తో నొక్కడమే. మొదటి వారమంతా గుడ్డ ముక్కలు పాడుచేశాను. కాళ్లు నెమ్మదిగా వచ్చాయి. ఏడో నెలలో వాకర్, ఇప్పుడు చేతికర్ర. కుడి పాదం ఇంకా ఈడుస్తాను.

వాకర్ కూడా రాకముందే ఎదురింటి పిన్నిగారికి జాకెట్ కుట్టిచ్చాను. మర్నాడే తెచ్చి బల్ల మీద పడేసింది. "చంక దగ్గర పట్టేసింది, ధ్యాస ఎక్కడ పెట్టి కుట్టావే?" అంది. జబ్బు చేశాక నన్ను అలా కసిరినవాళ్లు లేరు.

కుట్లు విప్పడానికి బ్లేడు తీశాను.